పక్కనే యుద్ధనౌక ఉన్నా ఎంవీ అబ్దుల్లా ఎందుకు ఆగలేదు: ఒక కేస్ స్టడీ

2024 మార్చి 12. మొజాంబిక్‌లోని మపూటో రేవులో 55 వేల టన్నుల బొగ్గు ఎత్తుకుని యూఏఈలోని అల్ హమ్రియాకు బయల్దేరిన బంగ్లాదేశ్ బల్క్ క్యారియర్ (బొగ్గు లాంటి విడి సరుకు మోసే ఓడ) ఎంవీ అబ్దుల్లాను సోమాలియా సముద్రపు దొంగలు నడిసముద్రంలో పట్టుకున్నారు. మొగదిషుకి తూర్పున దాదాపు 600 నాటికల్ మైళ్లు, అంటే 1,100 కిలోమీటర్ల దూరంలో జరిగింది ఇది. ఓడలో ఉన్న 23 మందీ బంగ్లాదేశీయులే. ఆ సాయంత్రానికే మన నేవీ గస్తీ విమానం ఓడ ఎక్కడుందో కనిపెట్టింది. 14వ తేదీ పొద్దున మన యుద్ధనౌక దాన్ని చేరుకుంది. అయినా అబ్దుల్లా ఆగలేదు. సోమాలియా ప్రాదేశిక జలాల్లోకి వెళ్లిపోయింది. నెల రోజులు దాటాక, ఏప్రిల్ 14న, సుమారు 50 లక్షల డాలర్లు ముట్టాక వదిలిపెట్టారని వార్తలొచ్చాయి.

ఒకప్పుడు మాస్టర్‌గా, అంటే కెప్టెన్‌గా, ఓడలు నడిపాను. ఇప్పుడు ఒడ్డున కూర్చుని కంపెనీ సెక్యూరిటీ ఆఫీసర్‌గా అదే సముద్రాన్ని స్క్రీన్ మీద చూస్తున్నాను. ఆ వారమంతా మా ఓడల్లో పనిచేసేవాళ్ల ఇళ్ల నుంచి ఫోన్లే ఫోన్లు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్ల నుంచి మర్చంట్ నేవీకి వెళ్లిన కుర్రాళ్లు ఎంతమంది ఉన్నారో ఈ రంగంలో ఉన్నవాళ్లకు తెలుసు. వాళ్లలో ఒక అబ్బాయి తల్లి అడిగిన మాట: "పక్కనే మన నేవీ ఓడ ఉందంటన్నారు గదా బాబూ, మరెందుకు ఒగ్గేసినారు?"

ఆవిడకి ఫోన్‌లో ఓపిగ్గానే చెప్పాను. కానీ ఆ ప్రశ్నకు రెండు నిమిషాల జవాబు చాలదు. ఓడ మీద పనిచేసేవాళ్లకీ, వాళ్ల ఇంటివాళ్లకీ ఇది పూర్తిగా తెలియాలి. వెనకాల నిఘా పెట్టి వెళ్లడం అంటే చేతులు కట్టుకుని చూడటం కాదు. అయితే ఆ నిఘా ఎంతవరకు పనికొస్తుందన్నది యుద్ధనౌక చేతిలోకన్నా ఎక్కువగా ఓడలోని మనుషులు మొదటి అరగంటలో ఏం చేయగలిగారన్న దాని మీద ఆధారపడుతుంది.

ముందు ఆ అరగంట సంగతి. నిండుగా సరుకు వేసుకున్న బల్క్ క్యారియర్ నీళ్లలోకి బాగా దిగి ఉంటుంది. డెక్కు అంచుకీ నీటికీ మధ్య ఎత్తు తక్కువ. స్పీడు 10 నుంచి 12 నాట్లు, అంటే గంటకు అన్ని నాటికల్ మైళ్లు. దొంగల స్కిఫ్, అంటే చిన్న మోటారు పడవ, 20 నాట్లు దాటి వస్తుంది. వెనక భాగంలో నిచ్చెన తగిలించి ఒక్కడు పైకెక్కాడంటే మిగతావాళ్లు నిమిషాల్లో ఎక్కేస్తారు. అబ్దుల్లాలో సాయుధ గార్డులు లేరు. ఎందుకు లేరంటే, హిందూ మహాసముద్రంలో హై రిస్క్ ఏరియా (దొంగల ముప్పు ఎక్కువున్న ప్రాంతం) అన్న గుర్తింపునే షిప్పింగ్ సంఘాలు 2023 జనవరి 1 నుంచి ఎత్తేశాయి. అప్పటికి కొన్నేళ్లుగా సోమాలియా వైపు పెద్ద ఓడ ఏదీ హైజాక్ కాలేదు. గార్డులకయ్యే ఖర్చు మిగులుతుందని చాలా కంపెనీలు ఊపిరి పీల్చుకున్నాయి. ఇదే యజమానుల ఇంకో ఓడ ఎంవీ జహాన్ మోని 2010 డిసెంబర్‌లో హైజాకై, 2011 మార్చిలో బయటపడింది. అంత దెబ్బ తిన్న కంపెనీకి కూడా పదమూడేళ్లకు ఆ భయం తగ్గిందంటే, మిగతావాళ్ల గురించి చెప్పేదేముంది.

ఓడ నుంచి కుటుంబాలకు చేరిన ఆడియో మెసేజ్‌ల ప్రకారం, కెప్టెన్, సెకండ్ ఆఫీసర్ దొంగల చేతికి చిక్కారు. వాళ్లను అడ్డం పెట్టుకుని మిగతావాళ్లను పిలిపించారు. ఈ ఒక్క వాక్యంలోనే కేసంతా ఉంది. సిటాడెల్ అంటే ఓడలో బలమైన తలుపులున్న ఒక గది, సాధారణంగా ఇంజిన్ రూమ్ వైపు. దొంగలు ఎక్కుతున్నారని ఖాయం కాగానే అందరూ అందులోకి వెళ్లి తాళాలు వేసుకోవాలి. లోపల తిండి, నీళ్లు, బయటి ప్రపంచంతో మాట్లాడే శాటిలైట్ ఫోన్ ఉండాలి. నేవీలు ఓడ ఎక్కి ఆపరేషన్ చేయాలంటే ముందుగా చూసుకునేవి ఇవే: సిబ్బంది నూటికి నూరు శాతం లోపలే ఉన్నారా, వాళ్లతో మాట్లాడగలమా, దొంగలకు ఇంజిన్ చిక్కకుండా ఉందా. ఒక్క మనిషి బయట మిగిలినా ఆ సిటాడెల్ లేనట్టే లెక్క. ఎవరైనా సహోద్యోగి తలకు తుపాకి పెడితే తలుపు తీయకుండా ఉండగలరా? అబ్దుల్లా వాళ్లను తప్పుపట్టే హక్కు ఒడ్డున కూర్చున్న ఎవరికీ లేదు.

సిటాడెల్ పనిచేస్తే ఎలా ఉంటుందో అంతకు రెండు నెలల ముందే చూశాం. 2024 జనవరి 4 సాయంత్రం లైబీరియా జెండా కింద నడిచే లీలా నార్ఫోక్‌లోకి సాయుధులు ఎక్కారని యూకేఎంటీఓకి కబురు అందింది. వాణిజ్య ఓడలు ప్రమాదంలో పడితే ముందు ఫోన్ చేసే కేంద్రం అది. ఓడలో 21 మంది ఉంటే 15 మంది భారతీయులే. అందరూ సిటాడెల్‌లోకి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నే నేవీ విమానం ఓడ మీద తిరిగి, లోపలివాళ్లతో మాట్లాడింది. మధ్యాహ్నానికి ఐఎన్ఎస్ చెన్నై వచ్చింది. నేవీ మార్కోస్ కమాండోలు ఓడెక్కి గది గది వెతికితే దొంగల జాడే లేదు. బందీలు దొరకనప్పుడు, నెత్తిన విమానం తిరుగుతున్నప్పుడు అక్కడ ఉండి చేసేదేం లేదని దొంగలకూ తెలుసు.

ఇక అబ్దుల్లా విషయంలో గడియారం సంగతి. తీరం 600 మైళ్ల దూరం (ఇక్కణ్నుంచి మైళ్లంటే నాటికల్ మైళ్లే). ఓడ 12 నాట్ల వేగంతో వెళ్తే తీరానికి 50 గంటలు. నేవీకి ఉన్న గడువు అంతే. విమానం 12వ తేదీ సాయంత్రమే పైకి వచ్చి రేడియోలో పిలిచింది. జవాబు రాలేదు. యుద్ధనౌక ఎక్కడో వేరే పని మీద ఉన్న చోటు నుంచి దారి మళ్లి, పగలూ రాత్రీ పరిగెత్తి 14 ఉదయానికి అందుకుంది. అప్పటికి గడువు దాదాపు అయిపోయింది. సిబ్బంది అంతా క్షేమంగా ఉన్నారని నిర్ధారించుకుని, ఓడ సోమాలియా ప్రాదేశిక జలాల్లోకి చేరేదాకా యుద్ధనౌక దగ్గరే ఉండి వెంట వెళ్లింది. సముద్రపు దొంగల్ని అడ్డుకునే యూరోపియన్ యూనియన్ మిషన్ ఆపరేషన్ అటలాంటా నౌక కూడా వెంట వచ్చింది.

ఇక్కడ "వెంట వెళ్లడం" అంటే ఏమిటో కొంచెం దగ్గర్నుంచి చెప్పాలి. దొంగలు ఎక్కగానే సాధారణంగా చేసే పని ఏఐఎస్ కట్టేయడం. అంటే ఓడ తన పేరు, చోటు ప్రకటించుకోవడం మానేస్తుంది. మా స్క్రీన్ మీద చుక్క మాయమవుతుంది. ఆ క్షణం ఒడ్డున ఉన్నవాళ్లకు కలిగే టెన్షన్ మాటల్లో చెప్పేది కాదు. పైన విమానం ఉంటే ఆ చుక్క మళ్లీ దొరికినట్టే. అది డెక్కును జూమ్ చేసి చూస్తుంది. స్కిఫ్‌ను నీళ్లలో ఈడ్చుకెళ్తున్నారా, డెక్కు మీదికి లాగారా, నిచ్చెన ఎక్కడుంది, బ్రిడ్జి (ఓడను నడిపే గది) రెక్కల మీద తుపాకులతో ఎంతమంది నిలబడ్డారు, సిబ్బంది ఎవరైనా నడుస్తున్నారా. పొగ గొట్టం నుంచి పొగ ఎలా వస్తోందన్నది కూడా నాలాంటివాడికి కబురే: ఇంజిన్ రూమ్‌లో మనవాళ్లు ఇంకా వాచ్ చేస్తున్నారని అర్థం. యుద్ధనౌక దగ్గరికి వచ్చాక వీహెచ్ఎఫ్ రేడియోలో కెప్టెన్‌ని పిలుస్తారు. ఆయన వెనక తుపాకి ఉంటుందని ఇద్దరికీ తెలుసు. అందుకే ప్రశ్నలు పొడి పొడిగా ఉంటాయి. ఎంతమంది ఉన్నారు, దెబ్బలు తగిలాయా, మందులు కావాలా. "అందరూ క్షేమం" అన్న రెండు మాటలు ఆ గొంతులోంచి వినబడితే 23 ఇళ్లలో ఆ రాత్రి అన్నం తింటారు.

దీనివల్ల ఇంకో పెద్ద లాభం ఉంది. యుద్ధనౌక కళ్ల ముందు ఉన్నంతసేపు దొంగలు ఆ ఓడను మదర్ షిప్‌గా, అంటే తమ చిన్న పడవలకు నడిసముద్రంలో స్థావరంగా, వాడుకుని ఇంకో ఓడ మీదికి వెళ్లలేరు. సిబ్బందిని విడదీసి పడవల్లో వేరే చోటికి తరలించడమూ కష్టమే. ఆ కదలికలన్నీ ఫొటోలు, వీడియోలు, టైముతో సహా రికార్డవుతాయి.

మరి ఎందుకు ఎక్కలేదు? నా అంచనాలో మూడు కారణాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. సిబ్బంది బందీలుగా ఉన్నారన్నది మొదటిది. రెండోది బొగ్గు. దీని గురించి బయట ఎవరూ పెద్దగా మాట్లాడలేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. బొగ్గు హోల్డ్‌లో (ఓడ సరుకు గదిలో) ఊరికే పడి ఉండే సరుకు కాదు. కొన్ని రకాల బొగ్గు తనంతట తానే వేడెక్కుతుంది. కొన్ని మీథేన్ వదులుతాయి. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే చీఫ్ ఆఫీసర్ రోజూ ఒక్కో హ్యాచ్ (సరుకు గది మూత) దగ్గరికి వెళ్లి, దాని చుట్టూ ఉండే అంచు గోడకి, అంటే కోమింగ్‌కి ఉన్న చిన్న శాంప్లింగ్ పైపు మూత తీసి, గ్యాస్ మీటర్ గొట్టం లోపలికి దించి, మీథేన్, కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్ రీడింగులు రాసుకోవాలి. కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంటే లోపల ఎక్కడో రాజుకుంటోందని గుర్తు. మీథేన్ పేరుకుంటే పైపైన గాలి ఆడించాలి. ఇప్పుడు ఆ డెక్కు మీద ఏకే-47లతో, సిగరెట్లతో తిరిగే మనుషుల్ని ఊహించండి. బందీగా ఉన్న చీఫ్ ఆఫీసర్ మీటర్ పట్టుకుని హ్యాచ్ దగ్గర వంగితే అదేదో ఎత్తుగడ అనుకోరని నమ్మకమేంటి? అక్కడ కాల్పులు జరిగితే పోయేది దొంగల ప్రాణాలే కాదు. బలప్రయోగం వద్దని ఓనర్లు, బంగ్లాదేశ్ ప్రభుత్వం అన్నప్పుడు కొందరు పిరికితనం అన్నారు. నేనైతే వాళ్ల చోట ఉన్నా అదే చెప్పేవాణ్ని.

మూడోది 12 నాటికల్ మైళ్ల గీత. బహిరంగ సముద్రంలో దొంగల ఓడను ఏ దేశపు యుద్ధనౌక అయినా పట్టుకోవచ్చని ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందం 105వ అధికరణ చెబుతోంది. తీరం నుంచి 12 మైళ్ల లోపల ఆ హక్కు లేదు. అది సోమాలియా నీళ్లు. 2008లో భద్రతా మండలి 1816వ తీర్మానంతో విదేశీ నౌకలు సోమాలియా ప్రభుత్వ సమ్మతితో లోపలికి వెళ్లే వెసులుబాటు ఇచ్చింది. ఏటా పొడిగిస్తూ వచ్చి, 2022 మార్చిలో దాన్ని ముగిసిపోనిచ్చారు. దొంగతనాలు లేవు కాబట్టి ఇక అక్కర్లేదన్నారు. రెండేళ్లు తిరిగేసరికి ఆ గీత దొంగలకు గోడలా నిలబడింది.

తొందరపాటుకి ఎంత ఖరీదో మన నేవీకి తెలుసు. 2008 నవంబర్ 18 రాత్రి గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో ఐఎన్ఎస్ తబర్ మీదికి ఒక నౌక నుంచి కాల్పులు జరిగాయి. తబర్ ఎదురు కాల్పులతో దాన్ని ముంచేసింది. అది దొంగల మదర్ షిప్. కానీ కాస్త ముందే హైజాకైన థాయ్ చేపల ట్రాలర్ ఎకావత్ నావా 5 కూడా అదేనని తర్వాత తేలింది. లోపల అసలు సిబ్బంది ఉన్నారు. వాళ్లలో ఒక్కరే, కొన్ని రోజుల తర్వాత సముద్రంలో తేలుతూ ప్రాణాలతో దొరికారు. ఆత్మరక్షణకు కాల్చడంలో చట్టపరంగా తప్పు లేదు. కానీ ఎదురుగా ఉన్న ఓడలో ఎవరున్నారో ముందు తెలుసుకోవాలన్న పట్టుదల ఇవాళ ప్రతి ఆపరేషన్‌లో కనబడుతుందంటే, అలాంటి రాత్రుల బరువు దాని వెనక ఉందని నేను నమ్ముతాను.

అబ్దుల్లా హైజాకైన వారమే అదే సముద్రంలో ఇంకో ఓడ కథ పూర్తిగా వేరే దారి పట్టింది. మాల్టా జెండా, బల్గేరియా యాజమాన్యం ఉన్న ఎంవీ రూయెన్ 2023 డిసెంబర్ 14న హైజాకైంది. అప్పుడు కూడా ఐఎన్ఎస్ కొచ్చి రెండు రోజుల్లో చేరుకుంది. సిబ్బంది బందీలుగా ఉండటంతో ఎక్కలేదు. గాయపడిన ఒక నావికుణ్ని మాత్రం దొంగలు వదిలితే తీసుకొచ్చి వైద్యం చేయించింది. స్పెయిన్ ఫ్రిగేట్ విక్టోరియా కూడా వెంట ఉంది. రూయెన్ అబ్దుల్లా లాగే సోమాలియా నీళ్లలోకి వెళ్లి మూడు నెలలు ఉండిపోయింది. మార్చి మధ్యలో దొంగలు దాన్నే మదర్ షిప్‌గా చేసుకుని మళ్లీ బయటికొచ్చారు. అబ్దుల్లాను పట్టుకోవడానికి కూడా రూయెన్‌ను వాడి ఉండొచ్చని యూరోపియన్ నేవీ వర్గాలు అనుమానించాయి.

ఈసారి అన్నీ తారుమారయ్యాయి. మార్చి 15న సోమాలియాకి తూర్పున దాదాపు 260 మైళ్ల దూరంలో, అంటే 12 మైళ్ల గీతకి చాలా అవతల, ఐఎన్ఎస్ కోల్‌కతా దాన్ని అడ్డగించింది. లోపల ఏముందో చూడటానికి పంపిన డ్రోన్‌ను దొంగలు కాల్చి పడేశారు. యుద్ధనౌక మీద కూడా కాల్పులు జరిపారు. కోల్‌కతా తొందరపడి ఓడ మొత్తం మీద విరుచుకుపడలేదు. రూయెన్ స్టీరింగ్‌ను, నావిగేషన్ పరికరాలను గురిచూసి దెబ్బతీసింది. ఓడ కదలలేని స్థితికి వచ్చాక లొంగిపొమ్మని అడుగుతూనే ఉంది. ఐఎన్ఎస్ సుభద్ర వచ్చి కలిసింది. భారత వైమానిక దళం సీ-17 విమానం పది గంటలు ఎగిరొచ్చి మార్కోస్ కమాండోలను, వాళ్ల రబ్బరు పడవలను సముద్రంలోకి జారవిడిచింది. పైన పీ-8ఐ గస్తీ విమానం, మానవరహిత విమానం కాపలా. ఇదంతా మన తీరానికి 1,400 మైళ్ల దూరంలో. 40 గంటల తర్వాత, మార్చి 16న, 35 మంది దొంగలు చేతులెత్తారు. బల్గేరియా, మయన్మార్, అంగోలా దేశాలకు చెందిన 17 మంది సిబ్బందిలో ఎవరికీ గాయం కాలేదు.

ఈ రెండు కేసుల్నీ పక్కపక్కన పెట్టి "రూయెన్‌ను కాపాడారు, అబ్దుల్లాను వదిలేశారు" అనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. రూయెన్‌ను మొదటిసారి అబ్దుల్లా లాగే వెళ్లనిచ్చారు. కానీ ఆ ఓడ మీద పెట్టిన కన్ను మూడు నెలలు తీయలేదు. దొంగలు గీత దాటి బయటికి రాగానే దొరకబుచ్చుకోగలిగారంటే ఆ ఓపిక వల్లే.

అబ్దుల్లా తీరానికి చేరాక నిఘా ఇంకో రూపంలో సాగింది. దొంగలు ఓడను ఒకటి రెండు చోట్లకి మార్చి లంగరు వేశారు. దూరంగా యూరోపియన్ యుద్ధనౌక కనిపిస్తూనే ఉంది. ఒడ్డు నుంచి కొత్త గుంపులు ఎక్కాయి. బందీలు 23 మంది కాబట్టి తిండి, మంచినీళ్లు వాళ్లకే అంతంతమాత్రం, ఇంకా కాపలా మనుషులకీ అందులోంచే పెట్టాలి. రంజాన్ మొదలయ్యే వేళకి బందీలైన ఆ మనుషులు ఈద్ నమాజు తుపాకుల మధ్య డెక్కు మీదే చేసుకున్నారు. ఏప్రిల్ 14 వేకువన దొంగలు దిగిపోయారు. యూరోపియన్ నౌకల కాపలాతో అల్ హమ్రియా చేరి, బొగ్గు దించి, మే నెలలో 23 మందీ చట్టోగ్రామ్‌లో ఇళ్లకు చేరారు. అందరూ ప్రాణాలతో వచ్చారు. నా లెక్కలో ముందుగా చూడాల్సింది అదే.

డబ్బిస్తే అయిపోతుంది అనుకోవడమూ తప్పే. 2010లో హైజాకైన ఆస్ఫాల్ట్ వెంచర్ విషయంలో 2011 ఏప్రిల్‌లో డబ్బు ముట్టాక ఓడను వదిలి, ఏడుగురు భారతీయుల్ని మాత్రం ఉంచేసుకున్నారు. మా వాళ్లను మీ దేశం పట్టుకుంది, వాళ్లను వదలండి అన్నది దొంగల బేరం. ఆ ఏడుగురు ఇంటికి రావడానికి 2014 అక్టోబర్ దాకా పట్టింది. దొంగల్ని పట్టుకోవడం, బందీల్ని విడిపించడం రెండూ ఎప్పుడూ ఒకే దారిలో నడవవు.

కోర్టు సంగతి కూడా చెప్పాలి. 1999లో ఇండోనేషియా నుంచి బయల్దేరి హైజాకైన అలొండ్రా రెయిన్‌బో పేరు మార్చి, రంగు మార్చి తిప్పుతుంటే మన కోస్ట్ గార్డు, నేవీ వెంటాడి పట్టుకున్నాయి. కింది కోర్టు దొంగలకు 2003లో శిక్ష వేసింది. 2005లో బాంబే హైకోర్టులో బయటపడ్డారు. సముద్రపు దొంగతనానికి మన దగ్గర అప్పట్లో ప్రత్యేక చట్టమే లేదు. 2022లో మారిటైమ్ యాంటీ పైరసీ చట్టం వచ్చింది. రూయెన్ దొంగలు 35 మందిని 2024 మార్చి 23న ముంబై తెచ్చి ఎల్లో గేట్ పోలీసులకు అప్పగించినప్పుడు ఆ చట్టం చేతిలో ఉంది. విమానం తీసిన వీడియో, డ్రోన్ కూల్చిన క్షణం, కాల్పుల టైము, ఓడ ఎక్కడుందన్న లెక్క, ఇవన్నీ ఒక కేసుకి సాక్ష్యాలు. నిఘాలో రాసుకున్న ప్రతి పంక్తి ఏదో ఒక రోజు కోర్టులో అవసరపడుతుంది.

ఈ కేసుల తర్వాత మా ఓడల్లో కొన్ని మార్చాం. సిటాడెల్ డ్రిల్ అంటే ఇప్పుడు తలుపు ఎంతలో మూశారన్నది కాదు, లెక్క పెడితే అందరూ ఉన్నారా అన్నదే. బ్రిడ్జి మీద ఉన్నవాళ్లు ఏ క్షణంలో వదిలేసి దిగాలో మాస్టర్ ముందే రాసిపెట్టాలి. చివరిదాకా ఓడ తిప్పుతూ ఉండాలన్న పౌరుషం మెచ్చుకోదగ్గదే, కానీ బ్రిడ్జి మీద ఇద్దరు మిగిలిపోతే లోపలి ఇరవై మందీ బయటికి రావాల్సిందే. ఎస్ఎస్ఏఎస్ (ఓడ రహస్య అలారం) బటన్ నొక్కితే ఓడలో శబ్దం రాదు, ఒడ్డున మాకు మాత్రం అలారం వస్తుంది. అందుకే అది నొక్కాక యూకేఎంటీఓకి ఫోన్ కూడా చేయమంటున్నాం. గురుగ్రామ్‌లో మన నేవీ నడిపే, హిందూ మహాసముద్రపు ఓడల సమాచారం పంచుకునే ఐఎఫ్‌సీ-ఐఓఆర్ కేంద్రానికి మేం వెంటనే కబురు చేస్తాం. బొగ్గు ఓడలైతే ఆ రోజు గ్యాస్ రీడింగుల కాపీ ఒకటి సిటాడెల్‌లో ఉండాలి. బయట ఉన్న నేవీకి ఆ అంకెలు చెప్పగలిగితే ఎక్కడ కాల్చకూడదో వాళ్లకి తెలుస్తుంది.

2025 నవంబర్ 6న గుజరాత్‌లోని సిక్కా నుంచి పెట్రోల్ వేసుకుని డర్బన్‌కి వెళ్తున్న ట్యాంకర్ హెల్లాస్ అఫ్రోడైట్ మీద దొంగలు మెషిన్ గన్లు, రాకెట్ గ్రనేడ్లతో కాల్పులు జరిపి ఓడెక్కారు. 24 మందీ సిటాడెల్‌లోకి వెళ్లిపోయారు. మర్నాడు యూరోపియన్ మిషన్ తరఫున వచ్చిన నౌక స్పెయిన్ ఫ్రిగేట్ విక్టోరియా. అది చేరేసరికి దొంగలు దిగిపోయారు. 24 మందీ క్షేమంగా తలుపు తీసుకుని బయటికొచ్చారు.